తిమింగలములను తినిన తిమింగలము

సంస్కృతభాషలో తిమి యనగా సముద్రమందలి గొప్ప చేప. ఆ తిమిని మ్రింగునది తిమింగిలము. మనము తెలుగున తిమింగలమని పలుకునది ఈ మాటనే. పూర్వులు అంతటితో ఊరకుండక, తిమింగిలమును సయితము మ్రింగునది వేరొకటి కలదని చెప్పి, దానికి తిమింగిలగిలమని పేరు పెట్టిరి. చదువుకొను దినములలో మేము ఈ మూడవ మాటను చూచి, ఇది కవుల అతిశయోక్తియే గాని మరియేమియు కాదని తలంచితిమి. కాని తిమింగలములను వేటాడి తినిన తిమింగలమొకటి పూర్వకాలమున జీవించెనని 2010వ సంవత్సరమున శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. దాని పేరు లివ్యాటన్.

ఈ జంతువునుగూర్చి మా తరగతిలో చెప్పుచుండగా ఒక విద్యార్థి లేచి, "మాస్టరుగారూ, యోబు గ్రంథములో చెప్పబడిన మకరము ఇదేనాండీ?" అని యడిగెను. తరగతి యంతయు నిశ్శబ్దమాయెను. అవునని చెప్పియుండిన పిల్లలందరు సంతోషించియుందురు, ఇండ్లకు పోయి తలిదండ్రులతో చెప్పియుందురు, వారును సంతోషించియుందురు. అయినను మేము వెంటనే జవాబు చెప్పలేదు. మొదట సంగతులన్నియు వినుడనియు, పిమ్మట జవాబు మీరే చెప్పుడనియు అంటిమి. ఆ పాఠమునే ఇచ్చట వ్రాయుచున్నాము.

ఎడారిలో దొరకిన తల

దక్షిణ అమెరికా ఖండపు పడమటి తీరమున పెరూ దేశము కలదు. అందు ఇకా యను పట్టణమునకు నైరుతిదిక్కుగా సుమారు 35 కిలోమీటర్ల దూరమున సెర్రో కొలొరాడో అను చోటున్నది. అది ఎడారి. వాన మిక్కిలి అరుదు. గాలి వీచినకొలది రాతిపొరలు అరుగును. అరిగినకొలది ఎముకలు పైకి తేలును. ఆ యెముకలలో ఒంటెలవిగాని గుఱ్ఱములవిగాని కాక, తిమింగలములవి, సొరచేపలవి, సముద్రపక్షులవి కనబడును.

సముద్రజంతువుల యెముకలు ఎడారిలో నేల యుండవలెను? పూర్వమా ప్రదేశము సముద్రపు అడుగై యుండెను. పసిఫిక్ మహాసముద్రపు అడుగునగల భూఫలకమొకటి దక్షిణ అమెరికా క్రిందికి చొచ్చుకొని పోవుచున్నది. అందువలన ఆ తీరము కాలక్రమమున మీదికి లేచి, సముద్రపు అడుగు మెట్టనేల యాయెను. మరియు ఆనాటి సముద్రమున డయాటములు అను ఏకకణజీవులు విస్తారముగా నుండెను. అవి వట్టికంటికి కానరానంత చిన్నవి. అవి చచ్చినపుడు గాజువంటి వాని చిప్పలు అడుగునకు దిగి బురదగా పేరుకొనుచుండెను. చచ్చి మునిగిన జంతువులను ఆ బురద త్వరగా కప్పివేయుటచేత వాని యెముకలు చెల్లాచెదరు గాక నిలిచినవి. తరువాత ఆ బురద రాయి యాయెను. ఈ రాతిపొరలకు పిస్కో పొరలని పేరు.

2008వ సంవత్సరము నవంబరు మాసమున ఐరోపా దేశస్థులును పెరూ దేశస్థులునుగల శాస్త్రజ్ఞుల బృందమొకటి ఆ యెడారిలో వెదకుచుండెను. యాత్ర ముగియు దినమున, హాలెండు దేశమందలి రోటర్‌డామ్ నగరపు ప్రకృతిశాస్త్ర మ్యూజియమునకు చెందిన క్లాస్ పోస్ట్ అనువారికి నేలపై పెద్ద యెముకల జాడ కనబడెను. త్రవ్వి చూడగా అది ఒక తిమింగలపు పుఱ్ఱె. అందు చాలభాగమును, క్రింది దవడయు, కొన్ని పళ్లును దొరకినవి. దేహపు ఎముకలు దొరకలేదు. ఆ పుఱ్ఱెను లీమా నగరమందలి ప్రకృతిశాస్త్ర మ్యూజియమునకు చేర్చిరి. ఒలివియే లాంబేర్, జొవాన్ని బియానుచ్చి మొదలగు పండితులు దానిని పరిశీలించి, 2010 జూలై 1వ తేదీన నేచర్ అను శాస్త్రపత్రికలో దాని వర్ణనను ప్రకటించిరి.

కొలిచి చూచినది

ఆ పుఱ్ఱె పొడవు సుమారు 3 మీటర్లు. వెడల్పు 2 మీటర్లకు కొంచెము తక్కువ. ఈ యంకెలను చదివి విడిచిపెట్టిన మనస్సునకు పట్టవు. కావున విద్యార్థులొక పని చేయవలెను. సుద్దముక్క తీసికొని వరండామీద 3 మీటర్ల పొడవును, 2 మీటర్ల వెడల్పును గల దీర్ఘచతురస్రమును గీయుడు. అందు ఎందరు పిల్లలు కూర్చుండగలరో కూర్చుండి చూడుడు. అది దాని తలమాత్రమే యని జ్ఞాపకముంచుకొనుడు.

పిదప మీ కొలబద్దను తీసి బల్లపై పెట్టుడు. దాని పొడవు 30 సెంటీమీటర్లు. లివ్యాటన్ పళ్లలో అన్నిటికంటె పెద్దదాని పొడవు 36 సెంటీమీటర్లకు పైగా నున్నది. దాని లావు సుమారు 12 సెంటీమీటర్లు. ఏనుగు దంతములు ఇంతకంటె పొడవుగా నుండును గదా యని యొకరు అడుగవచ్చును. నిజమే, కాని ఏనుగు తన దంతములతో ఆహారమును కఱచదు. ఆహారమును కఱచి పట్టుకొనుటకు ఉపయోగించు పళ్లలో ఇంతవరకు మనుష్యులకు తెలిసినవానియందు ఇవియే మిక్కిలి పెద్దవి.

పళ్ల సాక్ష్యము

లివ్యాటన్ స్పెర్మ్ తిమింగలముల వంశములోనిది. ఆ వంశపు పెద్ద తిమింగలము నేటికిని సముద్రములలో జీవించుచున్నది; మనకు పొరుగుననున్న సింహళద్వీపమున త్రికోణమలై తీరమునకు ఎదుట సముద్రములోను కనబడుచుండును. దాని తల మొద్దువలె నుండి దేహములో మూడవవంతుండును. ఆ తలలో మైనమువంటి నూనెతో నిండిన గొప్ప సంచి కలదు. ఈ నూనెకొరకును, దాని ప్రేగులలో పుట్టు అంబరు అను సుగంధద్రవ్యము కొరకును మనుష్యులు ఆ జంతువును లెక్కలేనంతగా చంపిరి.

ఈనాటి స్పెర్మ్ తిమింగలము 1,000 మీటర్లకు మించిన లోతునకు మునిగి, అక్కడి చీకటిలో స్క్విడ్ అను మెత్తని దేహముగల జంతువులను నోటితో పీల్చి మ్రింగును. దానికి పనికివచ్చు పళ్లు క్రింది దవడయందే యున్నవి. పైదవడ పళ్లు చాలవరకు చిగుళ్లలోనే యుండిపోవును. క్రింది దవడ వంకరపోయిన తిమింగలములు సయితము బాగుగా బలిసియుండుటను పూర్వము వేటగాండ్రు చూచిరి. దీనినిబట్టి ఆహారము సంపాదించుటకు దానికి పళ్లు అంతగా అవసరము కావని తెలియుచున్నది.

లివ్యాటన్ తల వేరుగా సాక్ష్యమిచ్చుచున్నది. పైదవడను ఒక్కొక్క ప్రక్కకు 9, క్రింది దవడను ఒక్కొక్క ప్రక్కకు 11 చొప్పున దానికి 40 పళ్లుండెను. పైపళ్లును క్రిందిపళ్లును ఒకదాని సందున ఒకటి దిగునట్లు అమరియున్నవి. ఒకదానిపై నొకటి రాచుకొనిన గుఱుతులును వానిపై కనబడుచున్నవి. పళ్ల వేళ్లు దవడలో లోతుగా పాతుకొనియున్నవి. మూతి పొట్టిగాను వెడల్పుగాను బలముగాను ఉన్నది. దవడను మూయు కండరములు నిలుచుటకు పుఱ్ఱె ప్రక్కల విశాలమైన గుంటలున్నవి. నేటి స్పెర్మ్ తిమింగలమునకు ఆ గుంటలు చిన్నవి. మూతి సన్నముగాను పొడవుగాను ఉండును.

ఆలోచింపుడు. పీల్చి మ్రింగువానికి ఇట్టి పళ్లతో పనియేమి? మెత్తని స్క్విడ్‌ను పట్టుటకు ఇంత బలమైన దవడ యేల? ఇట్టి యమరిక నేడు కిల్లర్ తిమింగలమను జంతువునందు కనబడుచున్నది. అది సీలులను, ఇతర తిమింగలములను గుంపులుగా వేటాడి, కఱచి చీల్చి తినును. లివ్యాటన్ దానికంటె ఎన్నియో రెట్లు పెద్దది. అదే కాలపు పిస్కో పొరలలో పళ్లు లేని తిమింగలములు, అనగా నోట దువ్వెనవంటి పలకలతో నీటిని వడగట్టి ఆహారము తీసికొనునవి, మెండుగా దొరకుచున్నవి. వానిలో 7 మొదలు 10 మీటర్ల పొడవు గలవి లివ్యాటన్‌కు ముఖ్యాహారమై యుండునని పండితుల యభిప్రాయము. వాని దేహమునగల దట్టమైన క్రొవ్వు అంత పెద్ద జంతువునకు తగిన ఆహారమే.

అయితే ఒక మాట. లివ్యాటన్ కడుపులో ఏముండెనో చూచినవారెవరును లేరు, ఏలయన కడుపుండవలసిన దేహమే దొరకలేదు. పళ్లను చూచితిమి, పళ్లనుబట్టి ఆహారమును ఊహించితిమి. ఊహ బలమైనదే. అయినను చూచినదానికిని ఊహించినదానికిని నడుమ గీత గీయుట శాస్త్రము నేర్చువానికి మొదటి పాఠము.

కనబడని దేహము

తల 3 మీటర్లయిన దేహమెంత? ఇందుకు పండితులు రెండు విధముల లెక్క వేసిరి. ఇటలీ దేశమున లెచ్చే ప్రాంతపు రాతిలో జైగోఫైసిటర్ అను వేరొక వేటతిమింగలము దొరకినది. అది ఈ వంశములోనిదే గాని చాల చిన్నది. దాని తలకును దేహమునకును గల నిష్పత్తిని తీసికొని లెక్కింపగా లివ్యాటన్ పొడవు సుమారు 13.5 మీటర్లు. నేటి స్పెర్మ్ తిమింగలపు నిష్పత్తిని తీసికొనినయెడల 16 మొదలు 17.5 మీటర్ల వరకు వచ్చుచున్నది. ఈ రెంటిలో ఏది నిజమో తెలుపు ఎముక దొరకలేదు. కావున వారు పెద్ద యంకెను మాత్రమే చెప్పి లోకమును ఆశ్చర్యపరచక, రెండు హద్దులను వ్రాసి విడిచిరి.

కాలమును గూర్చియు నిట్లే జరిగినది. 2010లో ఆ పుఱ్ఱె 120 మొదలు 130 లక్షల సంవత్సరముల నాటిదని వ్రాసిరి. తరువాత సెర్రో కొలొరాడో పొరలను మరింత జాగ్రత్తగా పరిశోధించిరి. ఆ పొరల నడుమ అగ్నిపర్వతములు వెదజల్లిన బూడిద యుండెను. బూడిద యెప్పుడు పడెనో దానిలోని ఖనిజములనుబట్టి లెక్కింపవచ్చును. అట్లు లెక్కించి, ఈ జంతువు 99 మొదలు 89 లక్షల సంవత్సరముల క్రిందటిదని సవరించుకొనిరి. మొదట వ్రాసినవారిలో కొందరే ఈ సవరణ చేసినవారిలోను ఉండిరి. లెక్క తప్పినదని చెప్పుకొనుటకు వారు సిగ్గుపడలేదు. పలకమీద తప్పు లెక్కను తుడిచి మరల వేయుటకు సిగ్గుపడు విద్యార్థులు ఈ సంగతిని గుర్తింతురు గాక.

పేరు చేజారిన కథ

శాస్త్రజ్ఞులు 2010 జూలైలో ఈ జంతువునకు లెవియాథన్ మెల్విల్లై అని పేరు పెట్టిరి. లెవియాథన్ అనునది పరిశుద్ధ గ్రంథములోని హెబ్రీమాటకు ఇంగ్లీషు రూపము. మన తెలుగు బైబిలునందు యోబు గ్రంథము 41వ అధ్యాయములోను 104వ కీర్తనలోను ఆ మాటకు మకరమని యున్నది. మెల్విల్లై యనుట హెర్మన్ మెల్విల్ అను అమెరికా గ్రంథకర్త గౌరవార్థము; ఆయన 1851లో ప్రకటించిన మోబీ డిక్ అను నవల తెల్లని స్పెర్మ్ తిమింగలము కథ.

కాని ఆ పేరు రెండు మాసములైనను నిలువలేదు. జంతువులకు పేర్లు పెట్టుటకు అంతర్జాతీయ నియమావళి యొకటి కలదు. దాని ప్రకారము రెండు వేర్వేరు జంతుజాతులకు ఒకే పేరు ఉండరాదు. ముందు ప్రకటించినవానిదే పేరు. వెదకి చూడగా లెవియాథన్ అను పేరు 1841లోనే వేరొక జంతువునకు పెట్టబడియుండెను.

పెట్టినవాడు ఆల్బర్ట్ కోఖ్ అనువాడు. ఇతడు అమెరికాలో వింతవస్తువులను చూపి రుసుము తీసికొనువాడు. 1840లో మిస్సూరి రాష్ట్రమున ఇతడు మాస్టడాన్ ఎముకలను త్రవ్వితీసెను. మాస్టడాన్ ఏనుగును పోలిన జంతువు, ఇప్పుడది లేదు. ఉన్నదున్నట్లు నిలిపియుండిన అదియే గొప్ప వింత. కాని కోఖ్ దానితో తృప్తిపడక, అక్కరలేని వెన్నుపూసలను ప్రక్కటెముకలను చేర్చి, దంతములను వాని స్థానము తప్పించి అమర్చి, 30 అడుగులకు మించిన పొడవుగల జంతువుగా నిలిపి, ఇదియే లెవియాథన్ అని చాటించెను. లండన్ నగరమునకును తీసికొనిపోయి చూపెను. అచ్చట రిచర్డ్ ఓవెన్ అను పండితుడు దానిని పరీక్షించి అది మాస్టడానేయని తేల్చెను. బ్రిటిష్ మ్యూజియమువారు ఆ యెముకలను కొని, అధికముగా నున్నవానిని తీసివేసి, సరియైన రూపమున నిలిపిరి.

కోఖ్ అంతటితో మానలేదు. 1845లో అలబామా రాష్ట్రమున దొరకిన ప్రాచీన తిమింగలముల యెముకలను వరుసగా కూర్చి 114 అడుగుల సముద్రసర్పమని న్యూయార్కులో చూపెను. జనులు గుంపులుగా వచ్చిరి. జెఫ్రీస్ వైమన్ అను శరీరశాస్త్రజ్ఞుడు వచ్చి పళ్లను చూచి, ఇవి సర్పపు పళ్లు కావనియు, పాలిచ్చు జంతువులవనియు, ఎముకలు ఒక్క జంతువువి కావనియు బయలుపెట్టెను.

ఇట్టివాడు పెట్టిన పేరే యైనను ముందు పెట్టినది కాబట్టి నియమము దానిని కాపాడెను. 2010 ఆగస్టులో పెరూ తిమింగలపు పండితులు తమ పేరును విడిచి, హెబ్రీమాటనే దాని స్వంతరూపమున వ్రాసి లివ్యాటన్ అని మార్చుకొనిరి. నేటి హెబ్రీభాషలో ఆ మాటకు తిమింగలమనియే యర్థము. ఇట్లు ఒకే పేరు ఇద్దరి చేతులలో పడినది. ఒకడు ఉన్న యెముకలకు లేనివి చేర్చి పెద్దది చేసెను. మరియొకరు తలమాత్రమే దొరకగా తలమాత్రమే దొరకెనని చెప్పిరి. నిజముగా గొప్పదైన జంతువు రెండవవారికి దొరకినది.

బలవంతుడు నశించిన విధము

ఆ సముద్రములో లివ్యాటన్ ఒంటరి రాజు కాదు. మెగలొడాన్ అను మహా సొరచేపయు అదే కాలమున జీవించెను. ఒకే నీటిలో ఇట్టి వేటగాండ్రిద్దరు జీవించిరనిన, వారికి చాలినంత ఆహారము ఆ సముద్రమున నుండెనని గ్రహింపవలెను. ఆస్ట్రేలియా దేశమున మెల్బోర్న్ నగరమునకు సమీపమున బోమారిస్ తీరమందు 30 సెంటీమీటర్ల పన్నొకటి దొరకినట్లు 2016లో ప్రకటింపబడెను. అది సుమారు 50 లక్షల సంవత్సరముల నాటిది. లివ్యాటన్‌కు దగ్గర చుట్టమైన తిమింగలముదని తలంచుచున్నారు. అనగా ఈ వేటతిమింగలములు ఒక్క పెరూ తీరముననే గాక దూరసముద్రములందును, చాలకాలము వరకును జీవించియుండెను.

పిమ్మట అవి నశించినవి. కారణమేమి? వానిని జయించు శత్రువు వచ్చినట్లు కనబడదు. లోకమున చలి హెచ్చెను; సముద్రప్రవాహములు మారెను; వాని ఆహారమైన చిన్నవియు నడితరపువియునగు పళ్లులేని తిమింగలముల జాతులు తగ్గిపోయెను. పెద్ద దేహమునకు పెద్ద ఆహారము కావలెను; అది తగ్గినపుడు మొదట ఆకలిగొనువాడు బలవంతుడే. పండితులు ఎక్కువమంది చెప్పు కారణమిది. వేటలో మిన్నయైనది పోయెను. అగాధములోనికి మునిగి మెత్తని స్క్విడ్‌లతో కడుపు నింపుకొనిన దాని చుట్టము మాత్రము నేటివరకు బ్రదికియున్నది.

విద్యార్థి ప్రశ్నకు జవాబు

ఇప్పుడు ఆ విద్యార్థి ప్రశ్నకు వత్తము. యోబు గ్రంథములోని మకరము ఇదేనా? కాదు. లివ్యాటన్ సముద్రమున తిరిగిన నాటికిని భూమిమీద మొదటి మనుష్యుడు నడచిన నాటికిని నడుమ ఎన్నియో లక్షల సంవత్సరములు గడచెను. మనుష్యనేత్రము దానిని సజీవముగా చూడలేదు. పండితులు దానికి ఆ పేరు పెట్టుట, ఒక తండ్రి తన కుమారునికి సమ్సోనని పేరు పెట్టుటవంటిది. పేరు గౌరవార్థము, పేరు సాక్ష్యము కాదు.

ఈ జవాబు విని ఆ బాలుని ముఖము కొంచెము చిన్నబోయెను. ఇట్టి పాఠములు విని లక్షల సంవత్సరముల లెక్కకు కొందరు తలిదండ్రులును కలతపడుదురని మేమెరుగుదుము. వారితో మేము వినయముగా చెప్పునది యిది. యోబు గ్రంథమున ఆ యధ్యాయము మనుష్యుని జ్ఞానమునకును బలమునకును హద్దెక్కడనో చూపుటకు వ్రాయబడినది. పెరూ దేశపు పుఱ్ఱె దొరకుటచే దాని మాట బలపడలేదు. దొరకకున్న బలహీనమును కాదు. విశ్వాసమునకు ఆసరా యగునని తలంచి నిజము కానిదానిని అవునని చెప్పితిమేని, మేమును కోఖ్ వలె లేని యెముకను చేర్చినవారమగుదుము. పిల్లవాడు పెద్దవాడై ఆ యెముక అబద్ధమని కనుగొనిన దినమున, నిజమైన యెముకలనుకూడ అనుమానించును. అబద్ధసాక్ష్యము పలుకరాదను ఆజ్ఞ పాఠశాలలో బల్లముందు నిలుచువానికిని వర్తించును.

మరునాడు ఆ విద్యార్థియే మేము చెప్పకుండ వరండామీద 3 మీటర్ల గీత గీచి, దాని ప్రక్కన "ఇది చూచినది" అని వ్రాసెను. దాని వెనుక నేలపై చుక్కలు పెట్టుచు దూరముగా పోయి, "ఇది ఊహించినది" అని వ్రాసెను. చుక్కలు రెండు చోట్ల ఆపెను, ఒకటి 13.5 మీటర్లకు, రెండవది 17.5 మీటర్లకు. రెండవదానికి వరండా చాలక మెట్లు దిగి ఆవరణలో గీయవలసి వచ్చెను. మేము దానిని చూచి మిక్కిలి సంతోషించితిమి.

ప్రశ్నలు

1. సముద్రజంతువుల యెముకలు పెరూ ఎడారిలో దొరకుటకు కారణమేమి?

2. లివ్యాటన్ తలకును నేటి స్పెర్మ్ తిమింగలపు తలకును గల భేదములను మూటిని వ్రాయుడు. ఒక్కొక్క భేదమువలన ఏమి తెలియుచున్నది?

3. లెవియాథన్ అను పేరును పండితులు ఎందుకు విడువవలసి వచ్చెను?

4. ఈ పాఠమును ఇంటివారికి చెప్పుడు. చెప్పునపుడు చూచినదేదో, ఊహించినదేదో వేరువేరుగా చెప్పుడు.